వలిసెల చేనుకు దారి

ఆదివారాల్లో విశాఖపట్నం నుంచి వచ్చే బండి మా అరకు స్టేషన్లో ఆగగానే మనుషులకన్నా ముందు చెత్త దిగుతుంది. చిప్సు ప్యాకెట్లు, టీ కప్పులు, పెరుగన్నం సగం తిని మూత పెట్టని డబ్బాలు. ఒకసారి పసిపిల్ల వాడిన డయపరు ఒకటి కిటికీలోంచి వచ్చి ప్లాట్‌ఫారం మీద పడింది. దాన్ని విసిరిన తల్లి తర్వాత కిందికి దిగి, కొండల్ని చూసి, "అబ్బ, ఎంత నీట్‌గా ఉందో" అంది. సొరంగం వచ్చినప్పుడల్లా కేకలు పెట్టీ పెట్టీ అందరి గొంతులూ బొంగురుపోయి ఉంటాయి. ఆ గొంతులతోనే నా కిటికీ దగ్గరికి వచ్చి, తిరుగు టికెట్ కన్నా ముందు, ఫొటోలకు ఎక్కడ బాగుంటుందని అడుగుతారు.

నేను అక్కడ బుకింగ్ క్లర్కుని. ఈ కొండలకు బదిలీ అయి వచ్చి నాలుగేళ్ళు దాటింది.

మా ముత్తాతకు ఈ కొండల కింద మైదానంలో ఊళ్ళ మీద పెత్తనం ఉండేది. కొండ మీది పల్లెలు కొన్ని కూడా మాకు శిస్తు కట్టేవి. మా తాత అరుగు మీద కూర్చుని తగవులు తీర్చేవాడు. చట్టం తీసుకున్నది కొంత, కోర్టులు తిన్నది కొంత, పేకాట తిన్నది కొంత పోగా, మా నాన్న అమ్మిన ఆఖరి వస్తువు మేనాకు తాపిన వెండి పువ్వులు. నాకు మిగిలింది నిటారుగా కూర్చోవడం, ఒకరింట మంచినీళ్ళు కూడా తాగకపోవడం, అబద్ధమాడినట్టు ఎవరిచేతా అనిపించుకోకపోవడం. పరీక్ష రాసి ఉద్యోగం తెచ్చుకున్నాను. ఆ కిటికీ వెనక కూడా వీపు కుర్చీకి ఆనించకుండా కూర్చుంటాను. నన్ను చూసి పోర్టర్లు నవ్వుకుంటారని తెలుసు.

బ్లాగు రాయడం మొదలుపెట్టింది ఒంటరితనం వల్లనే. రెండు రోజులు వరసగా సెలవు దొరికితే బస్సెక్కి సీలేరు వెళ్ళేదాన్ని. ప్రాజెక్టు కాలనీలో ఒకే కొలతతో కట్టిన ఇళ్ళ మధ్య తిరిగి వచ్చి నాలుగు పేజీలు రాసేదాన్ని. రాజవొమ్మంగిలో బస్సు తప్పిపోయి జీడిమామిడి తోట పక్కన మూడు గంటలు కూర్చున్నది కూడా రాశాను. ఇప్పుడు అవి తిరిగి చదివితే నాకు సిగ్గేస్తుంది. ప్రతి కొండా పచ్చని చీర కట్టుకునే ఉంటుంది. ప్రతి ముసలమ్మ నవ్వూ అమాయకమే. ఆ ముసలమ్మలతో నేను పది మాటలు కూడా మాట్లాడి ఉండను. అమాయకమని ఎలా తెలిసింది?

బదిలీ మీద వెళ్ళిపోతున్న ఒక సహోద్యోగి దగ్గర పాత కెమెరా కొన్నాను. ఒక లెన్సు, దాని అంచున చిన్న బూజు మచ్చ. నేర్పేవాళ్ళు లేరు. ఏడాది పాటు నేను తీసినవన్నీ చెడిపోయాయి. మంచు తీస్తే బూడిదలా వచ్చేది. బొర్రా గుహల్లో తీసినవి అన్నీ చెయ్యి వణికి రెండేసి రాళ్ళుగా వచ్చాయి. అన్నిటికన్నా ఏడిపించింది పసుపు. అక్టోబరు, నవంబరు నెలల్లో ఇక్కడి చేలన్నీ నూనెగింజల కోసం వేసిన వలిసెలు పూసి పచ్చగా వెలుగుతాయి. ఎండలో తీస్తే రేకకూ రేకకూ తేడా లేకుండా పసుపు సున్నం కొట్టిన గోడలా వస్తుంది. కెమెరా చెప్పిన వెలుగుకంటే తగ్గించి తీయాలని, సూర్యుడు కొండ దాటకముందే తీయాలని రెండు సీజన్లు పాడుచేసుకున్నాక తెలిసింది.

కొండ మీది పల్లె నుంచి ఒకామె వారానికోసారి అల్లం బుట్టతో పాసింజరు బండెక్కి శృంగవరపుకోట వెళ్ళేది. నలభై ఏళ్ళుంటాయి. భర్త లేడు. కూతురు పాడేరు హాస్టల్లో చదువుతోంది. నన్ను టిక్కెట్లమ్మ అని పిలిచేది. చిల్లర సరిగ్గా తెచ్చేది, వరసలో ఎవరినీ తోసేది కాదు, అందుకని ఆమెతో మాట్లాడేదాన్ని. ఒకనాడు నా బల్ల మీద కెమెరా చూసింది.

"ఏటమ్మా అది, ఫొటోల మిషనా?"

"అవును. వలిసెల పువ్వు తీయాలని చూస్తున్నాను. రోడ్డు పక్క చేలన్నీ జనంతో నిండిపోయాయి."

"రోడ్డుమొగాన సేను నానెందుకేత్తాను? నాది కొండెనకాల. తెల్లారగట్ట రా, సూపెడతాను. మిషనుకి కూడా నచ్చుద్ది."

మరుసటి గురువారం వెళ్ళాను. రైలు గేటు దాటి, వాగు వెంట నడిచి, పనసచెట్టు దగ్గర కుడికి ఎక్కితే రెండు గుట్టల మధ్య అరెకరం చేను. పైన రాళ్ళలోకి ఒక మూల పాకింది. మంచు ఇంకా వీడలేదు. పువ్వుల మీద తేనెటీగలు లేచే ముందు ఉండే నిశ్శబ్దం ఉంది. ఆమె గట్టు మీద కూర్చుని, నేను కాలు పెట్టే ప్రతిచోటా హెచ్చరిస్తూనే ఉంది.

"ఆ సాలులోకి దిగకు. గట్టు మీంచే తియ్యి."

"ఒక్క అడుగు దిగితే ఏమవుతుంది?"

"ఒక్కడుగంటే పది మొక్కలు. నాకాడ లెక్కుంది."

లెక్క ఏమిటో అప్పుడే చెప్పింది. నిరుడు కోతల వేళకు వాన పట్టుకుని పంటంతా కుళ్ళింది. ఏడాది పొడుగునా కొట్టు నూనె కొనుక్కుని తిన్నారు. అత్త చేతి నుంచి వచ్చిన విత్తనం కుండ అడుగున ఒక కుంచం మిగిలింది. అదంతా ఈ చేలో చల్లేసింది. బజారు విత్తనం ఈ రాతినేలలో నిలబడదట. "ఈ యేడు ఇది పండితే నూనుంటాది, ఇత్తనముంటాది. పండకపోతే మా అత్త ఇత్తనం నాతోనే ఆకరు" అని, గట్టు మీద వాలిన ఒక మొక్కను రెండు వేళ్ళతో నిలబెట్టింది.

సూర్యుడు గుట్ట మీదికి రావడానికి రెండు నిమిషాల ముందు నేను తీసిన ఫొటో నా నాలుగేళ్ళ చదువుకు ఫలితం. ప్రతి రేకా విడిగా ఉంది. మంచు మంచులాగే ఉంది. ఆ రాత్రి బ్లాగులో పెట్టాను. ఊరు, దారి, మనిషి గురించి ఏమీ రాయలేదు. కొండ వెనక ఒక చేను అని మాత్రం రాశాను.

నా బ్లాగు చదివేవాళ్ళు తక్కువ. ఈ ఫొటోను ఎవరో ఎక్కడో పంచుకున్నారు, జనం వచ్చారు. మూడో రోజు ఒక వ్యాఖ్య. రాసినవాడు తనకు అరకు అంతా అరచేతిలో గీత లాంటిదన్నాడు. ఇటువంటి చేను అక్కడ లేనే లేదని, ఇది విదేశాల ఫొటో అయినా అయ్యుండాలి, కంప్యూటరు చేత గీయించినదైనా అయ్యుండాలని రాశాడు. "పాపం మేడమ్‌కి లైకులు కావాలి" అని చివర. దాని కింద పదిమంది నవ్వు బొమ్మలు.

దాన్ని చెరిపేసి నిద్రపోవలసింది. నేను ఆ పని చేయలేదు. నా మాట అబద్ధమని నలుగురి ముందు ఒకడు అనడం, నలుగురూ నవ్వడం, దాన్ని నేను మింగడం నా వల్ల కాలేదు. దారి రాశాను. ఏ గేటు దాటాలి, వాగుకు ఏ పక్కన నడవాలి, పనసచెట్టు, కుడి మలుపు, ఎన్ని నిమిషాలు. నా వృత్తిలో బండి వేళలు రాసే కచ్చితత్వంతో రాశాను. "వెళ్ళి కళ్ళతో చూసి వచ్చి మాట్లాడండి" అన్నాను. మనసు చల్లబడింది. అప్పుడు నా మనసు చల్లబడిందన్న సంగతే ఇప్పుడు నాకు అన్నిటికన్నా రోత.

ఆ ఆదివారం కిటికీ దగ్గర ముగ్గురు పనసచెట్టు గురించి అడిగారు. నేను తెలియదన్నాను. అదీ అబద్ధమే కదా అని అప్పుడు తోచలేదు.

రెండో ఆదివారం నాకు సెలవు. కార్తీకమాసం, వనభోజనాల రోజులు. పొద్దున తొమ్మిదింటికి వాగు దగ్గరికి వెళ్ళేసరికి పదకొండు కార్లు, రెండు వ్యాన్లు. వాగులో ఎవడో కారు కడుగుతున్నాడు. పనసచెట్టు మొదట్లో బొంగులో చికెన్ కాల్చి తిని, నూనె కారుతున్న వెదురు ముక్కలు, ఎముకలు వదిలేశారు. వాటి మీద ఈగలు. కొంచెం పక్కనే గట్టును పాయఖానా చేశారు. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని పైకి ఎక్కాను.

చేను నడుమ పెళ్ళికి ముందు ఫొటోలు జరుగుతున్నాయి. వధువుకు ఇక్కడి ఆడవాళ్ళలాగా మోకాళ్ళ దాకా చీర కట్టి, తలలో ఈకలు గుచ్చారు. ఈ కొండల్లో ఏ ఆడదీ తలలో ఈకలు పెట్టుకోగా నేను చూడలేదు. వరుడు నల్ల కళ్ళద్దాలతో పువ్వుల్లో పొర్లాడుతున్నాడు. ఒకడు రంగు పొగ డబ్బా వెలిగించాడు. గులాబీ రంగు పొగ చేను మీద పాకింది. పైన డ్రోను. తేనెటీగ ఒక్కటి లేదు. మధ్య నుంచి నాలుగు వైపులా బాటలు పడ్డాయి. బాటల పక్కన కూర్చుని ఫొటోలు దిగిన చోటల్లా మొక్కలు చాపల్లా పరుచుకుని ఉన్నాయి.

అల్లం ఆమె గట్టు మీద కర్ర పట్టుకుని నిలబడి ఉంది. గొంతు పోయింది.

"దిగొద్దంతే ఇనరు. ఎంతివ్వమంటావని అడుగుతన్నారు. నా సేను నాను అమ్మలేదు కదా. నువ్వు సెప్పు టిక్కెట్లమ్మా, నీ మాటయితే ఇంటారు."

నేను చేలోకి దిగకుండా గట్టు మీద నుంచే ఫొటోగ్రాఫరును పిలిచాను. మైదానం కుర్రవాడు, మెడలో రెండు కెమెరాలు, రెండూ నా దానికన్నా ఖరీదైనవి.

"ఎవరి అనుమతితో దిగారు?"

"పబ్లిక్ ప్లేసే కదా మేడమ్. నెట్‌లో ఉంది."

"నెట్‌లో ఉంటే మీ అత్తగారి పెరడు అవుతుందా? బయటికి రండి, అందరూ."

"ఆంటీ, అయిదు నిమిషాలు. లైట్ పోతుంది." ఇది వధువు.

"లైటు ఎప్పుడో పోయింది. ఈ ఎండలో తీసిన పసుపు గోడకు సున్నం కొట్టినట్టు వస్తుంది. మీ పెళ్ళి ఆల్బమ్‌లో కామెర్లు వచ్చిన దంపతుల్లా కనిపిస్తారు."

ఫొటోగ్రాఫరు తన తెర చూసుకున్నాడు. ఆ మాటకే లొంగాడు. సామాను సర్దుకుంటూ ఫోను తీసి నాకు చూపించాడు. "మాదేం తప్పు లేదు మేడమ్. చూడండి, ఎవరో లోకల్ ఆవిడే దారి పెట్టింది. వెళ్ళి కళ్ళతో చూసి రండి అని రాసింది."

నా వాక్యాలు నా ముందు ఉన్నాయి. కామాలు కూడా నావే.

"ఏటి రాసుందమ్మా అందులో?" అని ఆమె అడిగింది. ఆమెకు చదువు రాదు.

"దారి రాసి ఉంది" అన్నాను.

"ఎవులు రాసేరు? సేతులిరిగిపోను."

నేను ఫోను అతని చేతిలోకి తోసేశాను. జనం దిగిపోయాక ఆమె చేను చుట్టూ తిరిగి వచ్చింది. పైన రాళ్ళలోకి పాకిన మూల ఒక్కటే నిలిచి ఉంది. ఎక్కడం కష్టం కనుక అటు ఎవరూ పోలేదు. ఆమె ఆ మూల వంక చూసి, "ఇదొక్కటి గింజ గట్టిపడేదాకా ఉంటే ఇత్తనం దక్కుద్ది" అంది. తర్వాత నా కొంగులో రెండు సీతాఫలాలు వేసింది. "నువ్వు రాబట్టి ఆ మూలైనా మిగిలింది."

ఆ పళ్ళు ఇంటికి తెచ్చాను. తినలేకపోయాను, పారేయలేకపోయాను. మూడు రోజులకు పండి, పగిలి, గదంతా తియ్యగా కుళ్ళిన వాసన పట్టింది. బ్లాగులో ఆ పేజీ తీసేశాను. అప్పటికే ఎంతమందో దారి మాత్రం విడిగా కోసుకుని తమ పేజీల్లో పెట్టుకున్నారు. వాటిలో ఒకటి నన్ను అబద్ధాలకోరన్నవాడిదే. "అరకులో ఎవరికీ తెలియని చోటు, నేను కనిపెట్టింది" అని దాని పేరు.

వారం మధ్యలో ఆమె బుట్టతో కిటికీ దగ్గరికి వచ్చింది. వెనక ఎవరూ లేరు. టికెట్ ఇచ్చాక చెప్పాను.

"ఆ దారి రాసింది నేనే."

ఆమె చిల్లర ముడి వేసుకుంటోంది. ముడి పూర్తిచేసింది.

"ఎందుకు?"

"ఒకడు నేను అబద్ధం చెప్పానన్నాడు."

"ఎవుడు?"

"ఎవడో. నాకు తెలియదు."

"తెలీనోడు అబద్దమంతే, నా సేను సూపెట్టేవా?" ఆమె కళ్ళలో కోపం ఉంటే బాగుండేది. ఏదో తినగూడనిది తిన్న మనిషిని చూసినట్టు చూసింది. "తప్పు కట్టాల. శనివారం ఊళ్ళోకి రా. పెద్దలుంటారు."

ఈ ఊళ్ళలో తప్పు కట్టడమంటే చేసిన తప్పును పెద్దల ముందు ఒప్పుకుని, వాళ్ళు వేసిన జరిమానా తీర్చడం. తీర్చాక అందరితో కలిసి కూర్చుని తిని తాగితే ఆ మాట మళ్ళీ ఎవరూ ఎత్తకూడదు. ఆమె నన్ను పిలవకుండా ఉండవచ్చు. నేను వెళ్ళకుండా ఉండవచ్చు, నన్ను ఎవరూ లాక్కుపోరు. శనివారం సెలవు పెట్టి వెళ్ళాను.

వేదిక ఏమీ లేదు, ఒక ఇంటి ముందు చదును చేసిన నేల. నలుగురు పెద్దలు, పదిమంది ఆడవాళ్ళు. కుర్చీ ఒకటి తెచ్చి నా వెనక పెట్టారు. అల్లం ఆమె దాన్ని తీసి గోడవారగా పెట్టింది. "తప్పు కట్టేవోలు కిందే కూకుంటారు." కింద కూర్చున్నాను. నేల మీద పేడ నీళ్ళు ఇంకా ఆరలేదు, చీర తడిసింది. అప్పుడు కూడా నా వీపు వంగలేదు. అది నేను కావాలని చేసింది కాదు, నాకు వంగడం రాదు.

జరిగింది నేనే చెప్పాను. అందరికన్నా పెద్దాయన అంతా విని, నా ఇంటిపేరు అడిగాడు. చెప్పాను. ఆయన బోసినోటితో నవ్వాడు.

"మీ తాతగోరు మా అయ్యకి తప్పేసేరు. యెదురు బొంగులు కొట్టేడని. రెండు మేకలు. మూడు పొద్దులు అరుగు కింద నిలబెట్టేరు, కూకోమన్లేదు."

"నాకు తెలియదు" అన్నాను.

"నీకేటి తెలుస్తాది, అప్పటికి పుట్టలేదు. నీ పని నయమమ్మా, మేం కూకోబెట్టేం."

ఆడవాళ్ళు నవ్వారు. ఒక పడుచు, "మేకలు రెండూ అమ్మగోరి కాడ ఇప్పుడు అడగండి, వడ్డీ పిల్లల్తో సహా" అంది. పెద్దాయన ఆ పిల్లను కసిరి, నాకు వేసిన తప్పు చెప్పాడు. ఒక కోడి, కూటికి బియ్యం, ఊరికి ఒక పూట కల్లు. ఆపైన, కోత అయ్యేదాకా ఆదివారాలన్నీ ఆ చేలో మంచె మీద కాపలా.

కోడి, బియ్యం, కల్లుకు డబ్బు ఇచ్చాను. జీలుగు కల్లు ఆనపబుర్రలో పోసి చేతులు మారుస్తూ తాగుతున్నారు. నా వంతు వచ్చింది. బుర్ర అంచు అప్పటికి ఏడెనిమిది నోళ్ళకు తాకి తడిగా ఉంది. పులిసిన వాసన. మా ఇంట్లో తరతరాలుగా ఎవరి పెదవి తాకిన గిన్నె వాళ్ళదే. ఆ అసహ్యం నాకు చిన్నప్పటి నుంచి అన్నంతో పాటు పెట్టారు, దాని గురించి నేను గొప్పలు చెప్పను. అల్లం ఆమె నన్నే చూస్తోంది. తాగాను. లోపలికి పోయింది, పైకి రాబోయింది, అదిమిపెట్టాను. అందరిలాగే నాకు కూడా ఆకులో కూడు పెట్టారు. అది కూడా తిన్నాను.

తర్వాతి మూడు ఆదివారాలూ సెలవు పెట్టి మంచె ఎక్కాను. మంచె అంటే నాలుగు గుంజలు, పైన వెదురు తడిక. చేతికి ఒక పాత నూనె డబ్బా, కర్ర ఇచ్చారు. చిలకలు వస్తే డబ్బా కొట్టాలి. మనుషులు వస్తే నోరు వాడాలి. చిలకలు నయం, ఒకసారి కొడితే లేచిపోయేవి. మనుషులు నన్ను కూడా ఫొటో తీయబోయారు. "గిరిజన మహిళ, సహజంగా ఉంది" అని ఒకామె తన భర్తతో అనడం విన్నాను. ఒకాయన నాకు ఇరవై రూపాయల నోటు చాచి, కర్ర కాస్త పైకి పట్టుకోమన్నాడు. అతనికి నేను చెప్పిన మాటలు ఇక్కడ రాయను. అవి మా తాత అరుగు మీది మాటలు, అవన్నీ నాకు వచ్చని అంతవరకు నాకే తెలియదు. పైమూల మీదికి ఎవరినీ ఎక్కనివ్వలేదు. కెమెరా ఇంట్లోనే ఉంచాను.

కోతనాడు ఆ మూల కోసి, కట్టలు కళ్ళంలో ఆరబెట్టి, కర్రలతో కొట్టారు. నల్లని సన్న గింజ. ఆమె చేటతో చెరిగి కుంచంలో పోసింది. కుంచం నిండి, పైన ఇంకో రెండు దోసిళ్ళు వచ్చాయి. కుండలో పోసి, వేపాకు వేసి, మూతకు పేడ మెత్తింది. విత్తనానికి సరిపోయింది. గానుగకు పోయడానికి ఒక్క గింజ మిగల్లేదు.

ఆ ఊళ్ళో ఆ తర్వాత ఎవరూ ఆ మాట ఎత్తలేదు. ఆమె కూడా ఎత్తలేదు. వారం వారం బుట్టతో వస్తోంది, నేను టికెట్ ఇస్తున్నాను, కూతురి చదువు గురించి అడుగుతున్నాను. మొన్న సాయంత్రం శృంగవరపుకోట నుంచి తిరిగొచ్చి, అల్లం అమ్మేసిన బుట్టలోంచి నూనె ప్యాకెట్లు రెండు తీసి నా కిటికీ గట్టు మీద పెట్టి, కొంగు సర్దుకుంది. ఆ పక్కనే నా ఫోను తెర మీద ఎవరో పంపిన ఆ ఫొటో ఉంది. ఇప్పటికీ తిరుగుతూనే ఉంది, కింద ఇంకెవరి పేరో వేసుకుని. ఆమె వంగి చూసింది.

"ఇది మా సేనే కదా."

"అవును."

"బాగుంది" అంది. కాసేపు చూసి, "ఈ పువ్వు పిండితే ఒక్క సుక్కొస్తాదేటి, టిక్కెట్లమ్మా?"

"రాదు" అన్నాను.

ప్యాకెట్లు బుట్టలో వేసుకుని, చీకటి పడకముందే వాగు దాటాలని గబగబా నడుచుకుంటూ వెళ్ళిపోయింది.